తరుగు పద్దులో మనుషులు

కిందటి సంచికలో బ్రిటన్ బానిస వ్యాపారం గురించి ఒక్క వాక్యం రాసి ముందుకెళ్ళిపోయాను. "అసలు సంగతి చెప్పకుండా జారుకున్నారు" అని ఒకాయన కోప్పడ్డారు. ఇంకో ఐదుగురు అదే విషయం మీద ప్రశ్నలు పంపారు. తప్పు నాదే. నేను చరిత్ర లెక్చరర్ని కాదు, ముప్పై ఒక్క ఏళ్ళు ఆడిట్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ చరిత్ర చదివినా ముందు లెక్కల పుస్తకం ఎక్కడుందా అని వెతకడం నా అలవాటు. ఈ కథలో లెక్కల పుస్తకాలకి కరువు లేదు.

ప్రశ్న: నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను. బ్రిటన్ బానిసత్వాన్ని రద్దు చేసిన సంవత్సరం ఒక గైడులో 1807, ఇంకోదాంట్లో 1833, మరోదాంట్లో 1838 అని ఉంది. ఏది రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. (ఒక విద్యార్థిని)

జవాబు: మూడూ సరైనవే తల్లీ. ప్రశ్నలో ఏ మాట ఉందో చూసుకో. 1807లో ఆపింది వ్యాపారాన్ని. అంటే ఆఫ్రికా నుంచి మనుషుల్ని కొని ఓడల్లో తేవడాన్ని. అప్పటికే కరీబియన్ దీవుల తోటల్లో ఉన్నవాళ్ళు బానిసలుగానే ఉండిపోయారు. బానిసత్వాన్నే రద్దు చేసిన చట్టం 1833లో వచ్చింది, 1834 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. ఆ రోజున కూడా చాలా దీవుల్లో ఆరేళ్ళ లోపు పిల్లలకు తప్ప ఎవరికీ పూర్తి విడుదల లేదు. మిగతావాళ్ళని 'అప్రెంటీసులు' అన్నారు. పాత యజమాని దగ్గరే వారానికి 45 గంటల దాకా కూలి లేకుండా చెయ్యాలి. ఆ ఏర్పాటు 1838 ఆగస్టు 1న పోయింది. అప్రెంటీస్ అనే మాట చూసి పని నేర్పారని అనుకునేవు. చెరకు నరకడంలో వాళ్ళకి కొత్తగా నేర్పడానికేముంది!

ప్రశ్న: నేను బీమా ఏజెంటుని. బానిసల్ని సముద్రంలో పడేసి ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేశారని ఎక్కడో విన్నాను. ఇది కట్టుకథా, నిజమా?

జవాబు: నిజం. ఓడ పేరు జోంగ్. యజమానులు లివర్‌పూల్ వ్యాపారులు. 1781లో ఆఫ్రికా తీరం నుంచి 442 మందిని ఎక్కించుకుని జమైకాకు బయల్దేరింది. కెప్టెన్ కాలింగ్‌వుడ్ అంతకుముందు ఓడల్లో డాక్టరు, కెప్టెన్‌గా అనుభవం లేదు. ఓడలో జబ్బులు, చావులు. పైగా జమైకాను వేరే దీవి అనుకుని దాటిపోయారు. నవంబరు 29న మొదలుపెట్టి, కొన్ని రోజుల్లో 130 మందికి పైగా మనుషుల్ని ప్రాణాలతోనే సముద్రంలోకి తోసేశారు.

ఎందుకో మీకు నేను చెప్పక్కర్లేదు, పాలసీ షరతులు మీకు తెలిసినవే. మనిషి జబ్బు చేసి చస్తే అది సహజ నష్టం, యజమాని ఖాతాలోకి పోతుంది. మిగతా సరుకును కాపాడటానికి కొంత సరుకును నీళ్ళలో పారేయాల్సి వస్తే ఆ నష్టం బీమా కంపెనీది. ఒక్కొక్కరి మీద 30 పౌండ్ల బీమా ఉంది. తాగే నీళ్ళు సరిపోవని భయపడి పారేశామని యజమానులు క్లెయిమ్ పెట్టారు. మధ్యలో వానలు పడ్డాయి. ఓడ జమైకా చేరేసరికి పీపాల్లో ఇంకా 420 గ్యాలన్ల నీళ్ళున్నాయి.

1783లో లండన్ కోర్టులో జ్యూరీ యజమానుల పక్షానే తీర్పు చెప్పింది. బీమావాళ్ళు మళ్ళీ విచారణ అడిగారు. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్, గుర్రాల్ని సముద్రంలో పారేసిన కేసుకీ దీనికీ జ్యూరీ తేడా చూడలేదని వ్యాఖ్యానించి, కొత్త విచారణకు అనుమతించాడు. గమనించారా, ఆ కోర్టులో కేసు డబ్బు ఎవరు భరించాలన్నదే. హత్య అన్న మాట ఎత్తినవాడు గ్రాన్‌విల్ షార్ప్ అనే మాజీ గుమాస్తా. ఆయనకి ఈ కబురు చేరవేసింది ఒలాడా ఎక్వియానో, ఒకప్పుడు తనూ బానిసే, 40 పౌండ్లు కూడబెట్టి తన స్వేచ్ఛను తనే కొనుక్కున్నవాడు. హత్యా నేరం మోపించాలని షార్ప్ ఎంత తిరిగినా ఎవరి మీదా కేసు పెట్టలేదు.

నేను గోదాముల స్టాకు రిజిస్టర్లు చూసేవాణ్ణి. 'తరుగు' అని ఒక గడి ఉంటుంది. ఎలుకలు తిన్నవి, తేమకు పాడైనవి, నిజంగా పోయినవి, పోయాయని చెప్పినవి, అన్నీ అందులోకే వెళ్తాయి. ఒకచోట తరుగు ప్రతి నెలా సరిగ్గా ఒకే అంకె దగ్గర ఉంటే పట్టుకుని అడిగాను, స్టోర్ కీపరు చెమటలు తుడుచుకున్నాడు. జోంగ్ గురించి చదివిన రాత్రి ఆ గడే కళ్ళముందు కనిపించింది.

ప్రశ్న: విల్బర్‌ఫోర్స్ గొప్ప వక్త అనీ, ఆయన ప్రసంగాలకు కరిగి పార్లమెంటు చట్టం చేసిందనీ మా పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. మీరు ఆయన పేరు కూడా రాయలేదే? (ఒక రిటైర్డ్ మాస్టారు)

జవాబు: మాస్టారూ, ఆయన్ని తక్కువ చేయను. 1789లో కామన్స్ సభలో మొదటిసారి ఈ విషయం మీద మూడు గంటలకు పైగా మాట్లాడాడు. ఓడిపోయిన తీర్మానాన్ని మళ్ళీ మళ్ళీ తెచ్చే ఓపిక అందరికీ ఉండదు. కానీ వక్త చేతికి కాగితాలు అందించినవాడు వేరే ఉన్నాడు. నా గౌరవం కొంచెం అటే మొగ్గుతుంది.

ఆయన థామస్ క్లార్క్‌సన్. 1785లో కేంబ్రిడ్జిలో లాటిన్ వ్యాసరచన పోటీ. ఇష్టం లేనివాళ్ళని బానిసలు చేయడం న్యాయమేనా అన్నది విషయం. బహుమతి కోసమే రాశాడు, వచ్చింది. తర్వాత లండన్ వెళ్తూ వేడ్స్‌మిల్ అనే ఊరి దగ్గర గుర్రం దిగి దారి పక్కన కూలబడ్డాడట. రాసిందంతా నిజమే అయితే దీన్ని ఎవరో ఒకరు ఆపాలి కదా అన్న ఆలోచన వదల్లేదు. అప్పటికి పాతికేళ్ళవాడు. 1787 మే 22న లండన్ జార్జ్ యార్డులో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పన్నెండు మంది కూర్చుని బానిస వ్యాపారాన్ని ఆపడానికి సంఘం పెట్టారు. తొమ్మిది మంది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు. క్లార్క్‌సన్, షార్ప్ మిగతా ముగ్గురిలో ఇద్దరు.

తర్వాత ఆయన చేసిన పని చూడండి. గుర్రమెక్కి బ్రిస్టల్, లివర్‌పూల్ రేవులకు పోయి ఓడల మస్టర్ రోళ్ళు, అంటే నావికుల హాజరు పట్టీలు, ముందేసుకున్నాడు. ఎవరు ఎప్పుడు ఎక్కారు, ఎవరు చచ్చారు, ఎవరు పారిపోయారు అని పేరు పేరునా రాసుకున్నాడు. ఇరవై వేల మంది నావికుల లెక్క తేల్చాడు. బానిస వ్యాపారం మన నౌకాదళానికి బడి లాంటిదని తోటల యజమానులు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. ఆ ఓడల్లో తెల్ల నావికులే కుప్పలుగా చస్తున్నారని వాళ్ళ రిజిస్టర్లతోనే చూపించాడు. ఆఫ్రికన్ల ప్రాణం గురించి పట్టని సభ్యుడు కూడా ఆ కాగితం దగ్గర ఆగి చదవాల్సిందే. ఎదుటివాడి పుస్తకంలోంచే ఎదుటివాణ్ణి పట్టుకోవడం మా వృత్తిలో అన్నిటికన్నా తీపి పని.

లివర్‌పూల్‌లో ఒక దుకాణం కిటికీలో ఇనుప సామాను కనిపించింది. చేతి సంకెళ్ళు, కాలి సంకెళ్ళు, బొటనవేళ్ళు నొక్కే మరలు కొన్నాడు. వాటి పక్కన వృత్తలేఖిని ఆకారంలో ఇంకో వస్తువు ఉంది. మొనలు దగ్గరగా ఉంటాయి, పైన మర తిప్పితే విడిపోతాయి. దవడలు బిగుసుకుపోయే జబ్బుకు డాక్టర్లు వాడేది. ఇక్కడెందుకని అడిగితే, అన్నం ముట్టకుండా చావాలని నోరు బిగించుకునే బానిసలుంటారు, పళ్ళ మధ్య దూర్చి నోరు తెరవడానికి అని దుకాణదారు మామూలుగా చెప్పాడు. క్లార్క్‌సన్ అదీ కొన్నాడు.

అన్నిటికన్నా పనిచేసిన కాగితం మాత్రం బ్రూక్స్ అనే లివర్‌పూల్ ఓడ నక్షా. మగవాడికి ఆరడుగుల పొడవు, అడుగూ నాలుగంగుళాల వెడల్పు. ఆడపిల్లకి నాలుగున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు. ఆ కొలతల ప్రకారం 482 మందిని వరసగా గీశారు. చూస్తే ఇక ఒక్కర్ని కూడా ఇరికించే సందుండదు. అదే ఓడ అంతకుముందు ఒక ప్రయాణంలో 609 మందిని మోసింది. దానికింద పెద్ద వర్ణనలేమీ అక్కర్లేకపోయింది.

రెండేళ్ళ కింద మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్ళినప్పుడు, క్లార్క్‌సన్ పుట్టిన విజ్‌బీచ్ ఊరి మ్యూజియంలో ఆయన పెట్టె చూశాను. గదులు గదులుగా ఉంటుంది. నేత గుడ్డలు, మిరియాలు, దంతం, పత్తి, కట్టె ముక్కలు. ఆఫ్రికాతో వ్యాపారం కావాలంటే మనుషులే ఎందుకు, ఇవి కొనండి అని పోయినచోటల్లా తెరిచి చూపించేవాడు. అద్దం ముందు ఎంతసేపు నిలబడ్డానో, మా ఆవిడ వచ్చి చెయ్యి పట్టుకు లాగింది.

పార్లమెంటు సంగతి త్వరగా చెప్పేస్తా. 1791లో వ్యాపారాన్ని ఆపాలన్న ప్రతిపాదనకు 163 – 88 ఓట్లతో ఓటమి. 1792లో ప్రజల నుంచి 519 అర్జీలు, దాదాపు 3,90,000 సంతకాలు. అప్పుడు డండస్ అనే మంత్రి 'క్రమంగా' అనే ఒక్క మాట ఇరికించాడు, తీర్మానం నెగ్గింది, పని ఆగింది. 'పరిశీలనలో ఉంది' అని ఫైలు మీద రాయడం ఎవరు కనిపెట్టారో నాకు తెలీదు గానీ వాళ్ళకి డండస్ బంధువే అయ్యుంటాడు. 1796లో నాలుగంటే నాలుగు ఓట్లతో ఓడిపోయింది. అనుకూలంగా ఓటేయాల్సినవాళ్ళు కొందరు ఆ సాయంత్రం ఆపెరాకి వెళ్ళారు. చివరికి 1806లో జేమ్స్ స్టీఫెన్ అనే లాయరు యుక్తి పన్నాడు. ఫ్రాన్సుతో యుద్ధం నడుస్తోంది కదా, శత్రువుల వలసలకు బ్రిటిష్ వ్యాపారులు బానిసల్ని అమ్మకూడదని దేశభక్తి పేరు మీద ఒక చట్టం. వద్దనడానికి ఎవరికి నోరొస్తుంది? దాంతోనే వ్యాపారంలో పెద్ద భాగం పోయింది. మరుసటి ఏడు వ్యాపారం రద్దు చట్టం 283 – 16 ఓట్లతో నెగ్గింది.

ప్రశ్న: ఆడవాళ్ళు చక్కెర మానేసి బానిసత్వాన్ని ఆపారని మా వదిన అంటుంది. మరీ అతిశయోక్తి కాదా?

జవాబు: ఆపారనడం ఎక్కువే, కదిలించారనడం తక్కువ. 1791లో విలియం ఫాక్స్ ఒక కరపత్రం వేశాడు. అందులో లెక్క ఇది: వారానికి ఐదు పౌండ్ల బరువు చక్కెర వాడే ఇల్లు, దానికి తగ్గ రమ్ముతో సహా 21 నెలలు మానేస్తే ఒక మనిషిని బానిసత్వం నుంచో చావు నుంచో తప్పించినట్టు. ఆడిట్‌కు నిలిచే లెక్క కాదిది, ఆధారం చూపించమంటే ఫాక్స్ తడుముకునేవాడు. కానీ వంటింటికి అర్థమయ్యే లెక్క. మూడు లక్షల మంది దాకా మానేశారని క్లార్క్‌సన్ అంచనా. ఆడవాళ్ళకి ఓటు లేదు, కొనే సరుకు మాత్రం వాళ్ళ చేతుల్లో ఉంది.

1820ల్లో ఈ చక్కెర మానే ఉద్యమం మళ్ళీ లేచింది. 'ఈస్టిండియా చక్కెర, బానిసలు చేసింది కాదు' అని రాసిన గిన్నెలు వచ్చాయి. లెస్టర్‌లో ఎలిజబెత్ హేరిక్ ఇల్లిల్లూ, దుకాణం దుకాణం తిరిగింది. 'క్రమంగా కాదు, వెంటనే' అని 1824లో కరపత్రం వేసింది. విల్బర్‌ఫోర్స్‌కి ఆడవాళ్ళు ఇలా గడప గడపా తిరగడం నచ్చలేదు. 1830లో బర్మింగ్‌హామ్ మహిళల సంఘం, మీ పేరులోంచి 'క్రమంగా' తీసేస్తేనే మా 50 పౌండ్ల చందా ఇస్తామని మగవాళ్ళ జాతీయ సంఘానికి కబురు పెట్టింది. ఆ ఏడే ఆ మాట పోయింది! మీ వదినగారికి నా నమస్కారాలు.

ప్రశ్న: అంతా ఇంగ్లీషువాళ్ళే చేసినట్టు చెబుతారు. బానిసలు చేతులు కట్టుకు కూర్చున్నారా? విడుదలయ్యాక వాళ్ళకేమైనా నష్టపరిహారం ఇచ్చారా?

జవాబు: కూర్చోలేదు. ఇవ్వలేదు.

ఫ్రెంచి వలస సాన్ డొమింగులో 1791లో తిరగబడ్డ బానిసలు 1804కి హైతీ అనే దేశాన్నే నిలబెట్టారు. ఆ పేరు వింటే కరీబియన్ తోటల యజమానులకు నిద్ర పట్టేది కాదు. 1831 క్రిస్మస్ వారంలో జమైకాలో తనూ బానిసే అయిన బాప్టిస్టు బోధకుడు శామ్యూల్ షార్ప్ సమ్మె తలపెట్టాడు. పండగ సెలవు తర్వాత కూలి ఇస్తే తప్ప పనిలోకి రామని. అది తిరుగుబాటైంది, తోటలు తగలబడ్డాయి. అణచివేశాక 300 మందికి పైగా మరణశిక్షలు. 1832 మే 23న షార్ప్‌ని ఉరితీశారు. ఆస్తి పోయినందుకు ఆయన యజమానికి 16 పౌండ్ల 10 షిల్లింగులు చెల్లించారు. బానిసత్వం ఉంచడానికయ్యే ఖర్చు తీసెయ్యడానికయ్యే ఖర్చును మించిపోతోందని లండన్‌కి అప్పుడు బాగా తెలిసింది. ఏడాది తిరిగేసరికి చట్టం వచ్చింది.

పరిహారం ఇచ్చింది యజమానులకి. 2 కోట్ల పౌండ్లు, ఆనాటి ప్రభుత్వ వార్షిక ఖర్చులో దాదాపు 40 శాతం. దానికోసం ఫారాలు అచ్చేశారు. తలకు ఇంత అని కాదు, తరగతులున్నాయి. పొలం కూలీలు, చేతిపనివాళ్ళు, ఇంటి పనివాళ్ళు, ఆరేళ్ళ లోపు పిల్లలు. చివరి గడిలో 'ముసలివాళ్ళు, రోగులు, మరే విధంగానైనా పనికిరానివాళ్ళు'. ఆ అప్పు తాలూకు చివరి బాకీ బ్రిటన్ ఖజానా 2015లో తీర్చింది. అంటే బానిసల మునిమనవలు అక్కడే ఉద్యోగాలు చేసి పన్ను కడుతుంటే, అందులోంచీ ఆ బాకీకి పోయింది.

పెద్ద మొత్తాలు అందుకున్నవాళ్ళలో జాన్ గ్లాడ్‌స్టన్ ఒకడు. తర్వాత ప్రధాని అయిన గ్లాడ్‌స్టన్‌కి తండ్రి. 2,508 మందికి గాను 1,06,769 పౌండ్లు.

ప్రశ్న: ఆ చట్టం మన దేశానికి వర్తించిందా? బానిసలు పోయాక ఆ తోటల్లో ఎవరు పనిచేశారు?

జవాబు: వర్తించలేదు. ఈస్టిండియా కంపెనీ ప్రాంతాల్ని 1833 చట్టంలోంచి మినహాయించారు. ఇక్కడ 1843లో ఐదో నంబరు చట్టం వచ్చింది. 'బానిసలు చేసింది కాదు' అన్న ఆ చక్కెర గిన్నెని ఈ సంగతి పక్కన పెట్టి చూసుకోండి.

రెండో ప్రశ్నకు జవాబు మళ్ళీ గ్లాడ్‌స్టనే. అప్రెంటీసులు కూడా చేజారిపోతారని ముందే గ్రహించి 1836లో కలకత్తాలోని ఒక కంపెనీకి, కూలీలు దొరుకుతారా అని ఉత్తరం రాశాడు. 1838 జనవరిలో విట్‌బీ, హెస్పరస్ అనే రెండు ఓడలు కలకత్తా నుంచి బయల్దేరాయి. దాదాపు 400 మంది, ఐదేళ్ళ ఒప్పందం మీద, మే నెలలో బ్రిటిష్ గయానాలో దిగారు. అప్రెంటీసుల విడుదలకి ఇంకా మూడు నెలలుంది. ఈ ఓడలకూ జాబితాలున్నాయి. ఎక్కినవాళ్ళకో గడి, దారిలో పోయినవాళ్ళకో గడి.