ఆధార్ జోలికి వెళ్ళకండి, ముందు బ్యాంకులో ఉన్న మీ పాత ఫారం తీయించండి

మీ నాన్నగారి ఖాతాలో పేరుకీ ఆధార్‌లో పేరుకీ తేడా ఉందని బ్యాంకు వాళ్ళు ఖాతా ఆపేశారు, ముందు ఆధార్ మార్పించాలా, బ్యాంకులో మార్పించాలా అని మీరు అడిగారు. ఎవరిని అడిగినా ఆధార్ సెంటర్‌కి వెళ్ళి మార్పించుకు రమ్మంటారు. దయచేసి ఆ పని చేయకండి. మా అమ్మ ఖాతా కోసం 2024 జూన్ అంతా తిరిగాను కాబట్టి చెబుతున్నాను. తప్పు ఎవరి కాగితంలో ఉందో తేలేదాకా ఆధార్‌ని కదపకూడదు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల షాపులో లెక్కలు చూస్తాను. అమ్మ గుంటూరులో ఏటుకూరు రోడ్డు వైపు, మా అక్క వాళ్ళ పక్క వాటాలో ఉంటుంది. ఇరవై ఏళ్ళకు పైగా కోల్డ్ స్టోరేజీల్లో, మిర్చి యార్డు చుట్టుపక్కల కొట్లలో కాయలు బాగుచేసే పనికి వెళ్ళింది. తొడిమలు తీయడం, తాలు కాయ ఏరడం. ఆ కూలి డబ్బుల్లో మిగిల్చి ఖాతాలో 41 వేలు దాచింది. మా అక్క కొడుకు ఇంటర్‌లో చేరుతున్నాడు, మొదటి టర్ము ఫీజు అమ్మమ్మే కడతానంది. తీరా డబ్బు తీయబోతే ఖాతా ఆగిపోయి ఉంది. కేవైసీ, అంటే ఖాతాదారు గుర్తింపు వివరాలు, అప్‌డేట్ చేయించలేదట. మెసేజ్‌లు పంపామన్నారు. ఏ నంబరుకి అంటే మా నాన్న వాడిన నంబరు చదివారు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది.

మొదటి రోజు నేను షాపులో సెలవు పెట్టి వచ్చి అమ్మని తీసుకెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి వేలిముద్ర మిషను ముందుకు జరిపింది. అమ్మ కుడి బొటనవేలు పెట్టింది. ఎర్ర లైటు వెలిగి ఆరిపోయింది. కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. పడలేదు. చూపుడు వేలు, ఉంగరం వేలు, తర్వాత ఎడమ చెయ్యి, అలా పది వేళ్ళూ అయ్యాయి. వెనక లైన్లో వాళ్ళు విసుక్కుంటున్నారు. నేను అమ్మ చెయ్యి పట్టుకుని తిప్పి చూశాను. వేళ్ళ కొనలు పాత రూపాయి బిళ్ళ అరిగినట్టు నున్నగా మెరుస్తున్నాయి. గోళ్ళ పక్కన చర్మం కారానికి పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. ఇన్నేళ్ళుగా ఆ చేత్తో అన్నం పెట్టించుకుని తిన్నాను గానీ అలా దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

"ఈ ఆధార్ ఈవిడదేనా సార్? పేరు కూడా కలవట్లేదు" అంది ఆ అమ్మాయి. గట్టిగానే అంది, లైన్లో అందరికీ వినపడింది.

అమ్మ కోప్పడలేదు. "నా ఏళ్ళని మిరగాయలు తినేసినయ్యమ్మా. నేను మాత్రం నేనే" అంది.

ఆ మాట అన్నప్పుడు అమ్మ గొంతు ఎలా ఉందో రాయడం నాకు చేతకాదు. ఇంటికొచ్చేదాకా ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు.

ఇక పేరు సంగతి. ఆధార్‌లో మేకల సీతారావమ్మ. పాస్‌బుక్కులో ఎం సీతా రామమ్మ. తెలుగువాళ్ళెవరికైనా ఇవి రెండు పేర్లు అనిపిస్తాయా? రామయ్యని రావయ్య అని, రామమ్మని రావమ్మ అని పిలవని ఊరు మన దగ్గర ఉందా? కానీ కంప్యూటరుకి ఇంగ్లీషు అక్షరాలు తప్ప ఇంకేమీ తెలియవు. సీతకి ఒకరు టీ ఒక్కటే రాస్తారు, ఇంకొకరు పక్కన హెచ్ పెడతారు. ఒకరు ఐ రాస్తే ఇంకొకరు రెండు ఈలు రాస్తారు. లక్ష్మి అనే పేరుని ఎన్ని రకాలుగా రాస్తారో మీకు తెలియంది కాదు. తెలుగులో రాస్తే ఒక్కటే రూపం ఉన్న పేరుకి ఇంగ్లీషులో అయిదారు రూపాలు పుట్టిస్తారు, ఆ అయిదారూ కలవలేదని శిక్ష మాత్రం మనకి వేస్తారు. ఆధార్ కార్డు మీద పేరు రెండు వరుసల్లో ఉంటుంది, తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి. ఆ తెలుగు వరుసని కౌంటర్లో ఎవరూ చదవరు. ఖాతా ఫారాలు, పాస్‌బుక్కులు ఇంగ్లీషు, హిందీతో పాటు ప్రాంతీయ భాషలోనూ అందుబాటులో ఉంచాలని రిజర్వు బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. మీ బ్రాంచిలో తెలుగు ఫారం అడిగి చూడండి, ఏమంటారో.

ఇంటిపేరుది ఇంకో బాధ. మనకి ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. ఫారంలో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని గళ్ళుంటాయి. ఒక ఆఫీసులో మేకల ముందుకొస్తుంది, ఇంకో ఆఫీసులో వెనక్కి పోతుంది, మూడోచోట ఒక్క ఎం మిగులుతుంది. ఆడవాళ్ళకైతే మరీ ఘోరం. చదువు కాగితాల్లో పుట్టింటి పేరు, రైస్ కార్డులో అత్తింటి పేరు. పేరు మారిందని చూపడానికి పెళ్ళి సర్టిఫికెట్టు గానీ గెజిట్ గానీ తెమ్మంటారు. మా అమ్మ తరంలో పెళ్ళి రిజిస్టరు చేయించుకున్న వాళ్ళెంతమంది?

రెండోసారి వెళ్తే అడ్రసు కూడా కలవలేదన్నారు. ఖాతాలో ఉన్నది సత్తెనపల్లి దగ్గర మా సొంతూరు, గుంటూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక ఆ ఊరు పల్నాడు జిల్లాలోకి పోయింది. మేము ఇల్లు కదల్లేదు, జిల్లాయే కదిలింది. మూడోసారి పాన్ కార్డు తెమ్మన్నారు. అమ్మకి పాన్ లేదు. పాన్ లేనివాళ్ళు ఫారం 60 ఇస్తే సరిపోతుందని నేను చెప్పేదాకా వాళ్ళు చెప్పలేదు. నాలుగోసారి, ఈ రెండు పేర్లూ ఒక్క మనిషివేనని నోటరీ అఫిడవిట్ తెమ్మన్నారు. కోర్టు దగ్గరికెళ్ళి స్టాంపు పేపరు మీద టైపు చేయించి 500 ఇచ్చుకుని తెచ్చాను. తీరా అది చూసి, ఆధార్ మార్పించేస్తే ఏ గొడవా ఉండదు కదా సార్ అన్నారు. ప్రతిసారీ విజయవాడ నుంచి మంగళగిరి మీదుగా రావడం, పోవడం, ఒక రోజు జీతం కోత.

దారి చూపించింది మా అమ్మే. ఆ రాత్రి అన్నం తింటూ, "ఖాతా తెరిచిన రోజు నాకాడ జాబ్ కార్డు జిరాక్సు తీసుకున్నారు గదరా. ఫొటో కూడా అంటించారు. అదేమయింది మరి?" అంది.

నాకు తట్టనే లేదు చూడండి! 2010లో మా ఊళ్ళో డ్వాక్రా సంఘంలో ఉన్నప్పుడు తెరిచిన ఖాతా అది. అప్పటికి మా ఊరికి ఆధార్ రాలేదు. ఉపాధి హామీ జాబ్ కార్డు చూసి ఖాతా ఇచ్చారు. ఖాతా తెరిచేటప్పుడు తీసుకున్న గుర్తింపు కాగితాల్ని, ఆ ఖాతా మూసేశాక కూడా కనీసం అయిదేళ్ళు బ్యాంకు దాచాలి. చట్టం అది. నడుస్తున్న ఖాతా కాగితం లేదనడానికి వీల్లేదు.

మర్నాడు అడగడం మానేసి ఉత్తరం ఇచ్చాను. తెలుగులోనే రాశాను, ఒకటిన్నర పేజీ. ఖాతా ఏ తేదీన ఏ కారణంతో ఆపారో రాతపూర్వకంగా చెప్పండి. 2010 నాటి ఖాతా ఫారం, దానికి జతచేసిన గుర్తింపు పత్రం పాత బ్రాంచి నుంచి తెప్పించి ఆధార్‌తో పోల్చండి. వేలిముద్ర పడటం లేదు కాబట్టి మరో పద్ధతిలో గుర్తింపు తీసుకోండి. ఇవి మూడే అడిగాను. రెండో ప్రతి మీద తేదీతో స్టాంపు వేయమంటే, ఇలాంటివాటికి వేయమండీ అన్నారు. వేసేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు. అరవలేదు, తిట్టలేదు, కూర్చున్నాను. మధ్యాహ్నం భోజనాల టైము దాటాక మేనేజరు గారు వచ్చి స్టాంపు వేశారు. అదే ఉత్తరం ఫొటో తీసి, బ్యాంకు వెబ్‌సైట్లో ఫిర్యాదుల అధికారి మెయిల్ అడ్రసు ఉంటుంది, దానికీ పంపాను.

పదకొండో రోజున ఫోను వచ్చింది, ఫారం దొరికిందని. వెళ్ళి చూశాం. పసుపు పచ్చగా మారిన ఫారం, మీద అమ్మ ఫొటో. అప్పటికి జుట్టు ఒక్కటీ నెరవలేదు. వెనక జాబ్ కార్డు జిరాక్సు. అందులో తెలుగులో, ఇంటి పెద్దగా మా నాన్న పేరు, కింద మేకల సీతారావమ్మ. అంటే ఆధార్‌లో ఉన్నదే సరైన పేరు. 2010లో ఫారం నింపినాయన, రావమ్మ అంటే మోటుగా ఉందనుకున్నాడో ఏమో, తనే రామమ్మ అని దిద్ది, ఇంటిపేరుని ఎం చేసి పడేశాడు. తప్పు మొదటి రోజు నుంచీ వాళ్ళ పుస్తకంలోనే ఉంది. దానికి మా అమ్మని లైన్లో నిలబెట్టి, ఈ ఆధార్ నీదేనా అని అడిగారు. ఉత్తరం ఇచ్చిన పంతొమ్మిదో రోజున పేరు సరిచేసి ఖాతా తెరిచారు. ఫీజు గడువు అప్పటికే దాటిపోయింది, మా బావ బయట వడ్డీకి తెచ్చి కట్టాడు. ఆ వడ్డీ ఎవరిస్తారు?

నేను ఆ మొదటి రోజు ఆధార్ సెంటర్‌కి పరిగెత్తి ఉంటే ఏమయ్యేది? సరిగ్గా ఉన్న పేరు చెడిపోయేది. ఆధార్‌లో పేరు జన్మలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. అందులో ఒకటి ఇంకొకరి తప్పుకి ఖర్చయ్యేది. పైగా రైస్ కార్డు, పింఛను, గ్యాసు, అన్నీ ఆధార్‌కి ముడిపడి ఉన్నాయి. ఒకచోట మారిస్తే మిగతా చోట్ల తేడా మొదలవుతుంది. మీ నాన్నగారి ఓటరు కార్డు, రైస్ కార్డు, పాన్, అన్నీ ఒక మాట చెబుతూ ఆధార్ ఒక్కటే వేరేగా ఉంటే అప్పుడు మార్పించండి. ఆ ఒక్క సందర్భంలోనే.

మీరు కౌంటర్లో తడబడకుండా ఉండాలంటే ఇంకొన్ని సంగతులు తెలిసి ఉండాలి. కేవైసీ నిబంధనలు రిజర్వు బ్యాంకువి, 2016లో అన్నీ కలిపి ఒక్కచోట ఇచ్చారు. బ్యాంకు ఎక్కువ రిస్కు అని లెక్కేసిన ఖాతాలకి రెండేళ్ళకోసారి, మధ్యస్థానికి ఎనిమిదేళ్ళకి, తక్కువ రిస్కుకి పదేళ్ళకి కేవైసీ మళ్ళీ చేయాలి. మామూలు సేవింగ్స్ ఖాతాలు ఎక్కువగా ఈ ఆఖరి రకమే. వివరాల్లో ఏ మార్పూ లేకపోతే, మార్పు లేదని మనం ఇచ్చే డిక్లరేషన్ చాలు. గుర్తింపుకి ఆధార్ ఒక్కటే కాదు, పాస్‌పోర్టు, డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, రాష్ట్ర ప్రభుత్వ అధికారి సంతకం ఉన్న జాబ్ కార్డు కూడా చెల్లుతాయి. ఇంట్లో పాత ట్రంకు పెట్టెలో జాబ్ కార్డు ఉంటే పారేయకండి. ప్రభుత్వ రాయితీలు పడే ఖాతాకి వయసు వల్లో గాయం వల్లో వేలిముద్ర పడకపోతే, ఆధార్‌ని వేలిముద్ర లేకుండా ఆఫ్‌లైన్‌లో సరిచూసి గానీ మరో గుర్తింపు పత్రం నకలుతో గానీ పని జరిపించాలని ఆ నిబంధనల్లోనే ఉంది. పది వేళ్ళూ నొక్కించి ఇంటికి పంపమని ఎక్కడా లేదు.

మా గొడవ అయ్యాక 2025 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇంకో సవరణ తెచ్చింది. తక్కువ రిస్కు ఖాతాదారులకి కేవైసీ గడువు దాటినా లావాదేవీలు ఆపకూడదు. గడువు దాటాక ఏడాది గానీ, 2026 జూన్ 30 గానీ, ఏది తర్వాత వస్తే అప్పటిదాకా సమయం ఇవ్వాలి. గడువుకి ముందు కనీసం మూడుసార్లు చెప్పాలి, అందులో ఒక్కటైనా ఉత్తరం రూపంలో. గడువు దాటాక కూడా మరో మూడుసార్లు, అందులోనూ ఒక ఉత్తరం. మీ నాన్నగారికి ఉత్తరం వచ్చిందా? రాకపోతే మీ ఫిర్యాదులో మొదటి వాక్యం అదే రాయండి. ముప్ఫై రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు. పైసా ఖర్చు లేదు. వివరాలకి 14448 నంబరు ఉంది. ముందు బ్యాంకుకి ఇచ్చిన ఫిర్యాదు రుజువు అడుగుతారు, అందుకే ఆ స్టాంపు కోసం అంతసేపు కూర్చున్నాను.

ఖాతా ఆగిందన్న కంగారులో ఫోన్లో వచ్చే కేవైసీ లింకులు మాత్రం ముట్టుకోకండి. మా షాపు పక్కన టైర్ల కొట్టులో కుర్రాడు వాట్సాప్‌లో వచ్చిన ఫైలు నొక్కి రెండు నెలల జీతం పోగొట్టుకున్నాడు. ఏ బ్యాంకూ ఓటీపీ అడగదు. పొరపాటున అలా జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయండి, ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఇప్పుడు మీరు చేయాల్సింది, నాన్నగారి ఆధార్‌లో తెలుగు వరుసలో ఉన్న పేరు, పాస్‌బుక్కులో పేరు, ఖాతా తెరిచిన ఏడాది, ఈ మూడూ చూసి కింద రాయండి. నంబర్లేవీ పెట్టొద్దు, పేరు మాత్రం ఉన్నది ఉన్నట్టు, చుక్క పోకుండా రాయండి. మేనేజరుకి ఇవ్వాల్సిన ఉత్తరం తెలుగులో నేనే రాసి పెడతాను.