సైన్యం నుంచి రాజకీయాల్లోకి వచ్చినవారిలో నేను గౌరవించే నాయకుడు ఖండూరీ

సైన్యంలో పనిచేసి రాజకీయాల్లోకి వచ్చినవారిలో ఎవరంటే గౌరవం, ఎందుకు అని అడిగారు. నా జవాబు మేజర్ జనరల్ భువన్ చంద్ర ఖండూరీ. ఆయనను నేను ఎన్నడూ కలవలేదు. ఆయన కేంద్రంలో రహదారుల మంత్రిగా ఉన్న రోజుల్లో డిప్లొమా ముగించి, అనకాపల్లి వైపు అయిదో నంబరు జాతీయ రహదారి విస్తరణ పనుల్లో చేరాను. నాణ్యత పరీక్షలు నా పని.

మట్టి పొర మీద రోలర్ తిరిగాక చిన్న గుంట తవ్వి, తీసిన మట్టిని తూచి, ఆ గుంటను ఇసుకతో నింపి సాంద్రత లెక్కకట్టేవాళ్లం. పై పొరకు, ప్రయోగశాలలో ఆ మట్టికి వచ్చే గరిష్ఠ సాంద్రతలో 97 శాతం రావాలి. ఒక సాయంత్రం మూడుచోట్ల చూసినా 94 దాటలేదు. మబ్బు పట్టింది, గడువు దగ్గర పడింది. పైన కంకర పరిచేస్తే ఎవరికి తెలుస్తుందని మేస్త్రి అన్నాడు. మా ఇంజినీరు వినలేదు. వేసిన పొరంతా గీకించి, నీళ్లు చల్లించి, మళ్లీ తొక్కించారు. రాత్రి పదకొండు దాటాక దీపం వెలుగులో తూచితే 98 వచ్చింది. ఖండూరీ గురించి చదవడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

ఆయన 1954లో సైన్యంలోని ఇంజినీర్ల దళంలో చేరి 1990లో పదవీ విరమణ చేశారు. మరుసటి ఏడాదే బీజేపీ తరఫున గఢ్వాల్ ఎంపీ అయ్యారు. 2000లో వాజపేయి ఆయనకు రహదారుల శాఖ అప్పగించారు. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతాలను కలిపే 5,846 కిలోమీటర్ల స్వర్ణ చతుర్భుజిని ముందుకు నడిపించింది ఆయనే. మా రహదారీ అందులో భాగమే.

అంతా సవ్యంగా సాగిందని నేను చెప్పను. అదే పథకంలో అవినీతి జరుగుతోందని ప్రధాని కార్యాలయానికి లేఖ రాసిన ఇంజినీరు సత్యేంద్ర దూబేను 2003 నవంబరులో గయలో చంపేశారు. ఆ వార్త వచ్చిన రోజు మా ప్రయోగశాలలో ఎవరికీ పని మీద చేతులు ఆడలేదు. ఆ దుఃఖం నాకు ఇంకా ఉంది.

2007లో ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి అయ్యాక ఆయన కచ్చితత్వం సొంత ఎమ్మెల్యేలకే రుచించలేదు. 2009 లోక్‌సభ ఎన్నికల్లో రాష్ట్రంలోని అయిదు స్థానాలూ పోవడంతో పదవి వదులుకున్నారు. 2011లో మళ్లీ పిలిచి కూర్చోబెడితే, ముఖ్యమంత్రిని కూడా విచారించగల లోకాయుక్త బిల్లును తెచ్చారు. తనను కూడా తూకంలో పెట్టుకున్నారన్నమాట! 2012 శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 32, ఆయన పార్టీకి 31 స్థానాలు వచ్చాయి. కోట్‌ద్వార్‌లో ఆయనే ఓడిపోయారు. పార్టీ ఓటమి కన్నా ఆయన ఓటమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

2014లో మళ్లీ ఎంపీగా గెలిచి, రక్షణ శాఖ పనితీరును పరిశీలించే పార్లమెంటు స్థాయీ సంఘానికి అధ్యక్షత వహించారు. సైన్యం దగ్గరున్న ఆయుధ సామగ్రిలో 68 శాతం కాలం చెల్లినదేనని 2018 మార్చిలో ఆ సంఘం నివేదించింది. అధికారంలో ఉన్నది ఆయన పార్టీయే. అయినా ఆ అంకెను దాచలేదు. అదే ఏడాది ఆ సంఘం అధ్యక్ష స్థానం నుంచి ఆయనను తప్పించారు. నివేదిక పార్లమెంటు వెబ్‌సైట్‌లో దొరుకుతుంది, వీలైతే చదవండి.