ముందు ఆ కొసలు కత్తిరించుకో

చిన్నీ,

ఫోటో చూశాను. సంక్రాంతికి నడుం దాటిన జడ, బెంగళూరులో ఆ మారతహళ్లి హాస్టల్లో ఆరు నెలలకే కొబ్బరిపీచులా అయిందంటే ప్రాణం ఉసూరుమంది. కేఆర్ పురంలో ఉన్నన్నాళ్ళూ బోరు నీళ్ళతో నేనూ ఇదే పడ్డాను.

ముందు కత్తెర. నీకు నచ్చదని తెలుసు. కానీ చిట్లిన వెంట్రుకను మళ్ళీ అతికించే సీరమూ లేదు, నూనే లేదు. మాడు దాటి బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదమ్మా, పుండు మానినట్టు అది మానదు. వదిలేస్తే చీలిక పైకి పాకుతుంది. మూడంగుళాలు తీయించెయ్. నెలకు అరంగుళం దాకా పెరుగుతుంది, ఆరు నెలల్లో తిరిగొస్తుంది.

ఇక నీళ్ళు. మీ బాత్రూంలో కుళాయి మూతి చూడు, తెల్లగా గార కట్టి ఉంటుంది. ఆ కాల్షియం, మెగ్నీషియమే జుట్టు మీదా పేరుకుని గరుకుగా చేస్తాయి. షవర్‌కి బిగించే చిన్న ఫిల్టర్ వాటిని తీసెయ్యదు, డబ్బు తగలెయ్యకు. తాగే ఆర్వో నీళ్ళు రెండు చెంబులు పక్కన పెట్టుకుని ఆఖర్న పోసుకో, చాలు. తలకి సబ్బు మాత్రం వద్దు, ఆ నీళ్ళలో అది జిగట తెట్టులా అంటుకుపోతుంది.

తలంటుకి గంట ముందు, వీలైతే ముందురోజు రాత్రి, కొబ్బరినూనె పట్టించు. అది పైపైన ఉండిపోదు, వెంట్రుక లోపలికి ఇంకుతుంది. తడికి ఉబ్బి బలహీనపడకుండా కాస్తుంది. షాంపూ మాడుకి, కండిషనర్ కొసలకి. మీ కాలం ఆడపిల్లలు సరిగ్గా తిరగేసి రాస్తారు. కుంకుడుకాయ మంచిదే గానీ, ఇంత పొడిబారిన జుట్టుకి ఇప్పుడొద్దు, ఇంకా చిక్కుపడుతుంది.

అసలు జుట్టు తెగేది తలంటాక. తడి వెంట్రుక సాగుతుంది, లాగితే పుటుక్కున తెగుతుంది. తువ్వాలుతో బరబరా రుద్దకు, పాత కాటన్ చున్నీ చుట్టి అద్దు. పళ్ళు ఎడంగా ఉన్న దువ్వెన తీసుకుని కొసల దగ్గర మొదలుపెట్టు. ఒక పాయను పైన గుప్పిట్లో గట్టిగా పట్టుకో, కింద నాలుగంగుళాలు దువ్వు. చిక్కు విడాక గుప్పిట కొంచెం పైకి జరుపు. అలా పట్టుకుంటే లాగుడు కుదుళ్ళ దాకా పోదు. పావుగంట పడుతుంది, పట్టనీ.

స్ట్రెయిటెనర్ బీరువాలో పెట్టెయ్. మరిది పెళ్ళికని ఒక పార్లర్‌లో నాకు సగం తడి జుట్టు మీదే ఇస్త్రీ పెట్టారు. చిటపటమన్న చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. వెంట్రుక లోపలి తడి ఆవిరై దాన్ని పగలగొడుతుందని తర్వాత తెలిసింది. వారం తిరక్కుండా భుజాల దగ్గర తెగి రాలింది.

రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు ఊడటం మామూలే, భయపడకు. గుప్పెళ్ళు వస్తుంటే, మాడు కనపడుతుంటే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్ళు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ ఉన్నా అలాగే ఊడుతుంది, నూనెలతో తగ్గదు.

ఈ ఆదివారం మల్లేశ్వరం వచ్చేయ్. మాకు బోరు నీళ్ళు కాదు, కావేరి నీళ్ళొస్తాయి. కుండీలో మందారం గుబురుగా ఉంది, ఆకు నూరి ఉంచుతాను. చిక్కు నేనే తీస్తా, నువ్వు కదలకుండా కూర్చో.

పెద్దమ్మ