జ్ఞాన దంతం తీయించుకోబోతున్న అబ్బాయికి

చిరంజీవి అబ్బాయికి పిన్ని ఆశీస్సులు.

కింది దవడలో కుడివైపు జ్ఞాన దంతం అడ్డంగా పెరిగిందనీ, తీయించుకోవడానికి నువ్వు తటపటాయిస్తున్నావనీ అక్క నిన్న ఫోనులో చెప్పింది. ఇరవై రెండేళ్ళు నోటి శస్త్రచికిత్స విభాగంలో నర్సుగా పనిచేశాను గనుకా, నా జ్ఞాన దంతాలు రెండు తీయించుకుని, వాటిలో ఒకదాని విషయంలో తెలిసి తెలిసి తప్పు చేశాను గనుకా ఈ ఉత్తరం రాస్తున్నాను. ఫోనులో చెబితే "సరే పిన్నీ" అంటావు, మరునాటికి మరచిపోతావు.

తీయించుకోవడం అవసరమా అన్నది మొదటి ప్రశ్న. ఏ బాధా లేని జ్ఞాన దంతాన్ని ముందు జాగ్రత్త పేరుతో తీయవద్దని బ్రిటన్‌లో నైస్ సంస్థ 2000 సంవత్సరంలోనే మార్గదర్శకం ఇచ్చింది. నా అభిప్రాయమూ అదే. నీ సంగతి వేరు. సగం బయటికి వచ్చిన పన్ను మీద చిగురు మూతలా కప్పి ఉండి, దాని కింద మెతుకులు చిక్కుకుని, ఏడాదిలో మూడుసార్లు వాచి నోరు తెరుచుకోకుండా పోయిందంటే, ఇక యాంటీబయాటిక్‌లతో రోజులు నెట్టడంలో అర్థం లేదు. పైగా వయసు పెరిగేకొద్దీ ఎముక గట్టిపడి పని కష్టమవుతుంది, మానడమూ ఆలస్యమవుతుంది.

అడ్డంగా ఉన్న పన్ను గనుక నోటి శస్త్రచికిత్సలో ఎండీఎస్ అనే పై చదువు చదివిన వారి దగ్గరకే వెళ్ళు. దవడలూ పళ్ళూ మొత్తం ఒకే బొమ్మలో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీశాక, పన్ను వేళ్ళకూ కింది దవడలోని నరానికీ మధ్య ఎంత ఎడం ఉందో అడుగు. పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం అది; వేళ్ళు దానికి ఆనుకుని ఉన్నట్టు కనబడితే స్కాన్ తీయమంటారు, ఖర్చని వెనుకాడకు. వాడే మందులన్నీ, ఏ మందు పడదో కూడా ముందే చెప్పు. రక్తం పలచబడే మందులు వాడేవారు వాటిని సొంతంగా మానేయకూడదు, వైద్యుణ్ణి అడిగే నిర్ణయించుకోవాలి. మీ నాన్నగారి వంతు వచ్చినప్పుడు ఈ మాట గుర్తుంచుకో.

సెలవు కలిసొస్తుందని శనివారం సాయంత్రం పెట్టుకునేవారే ఎక్కువ. అది పొరపాటు. రాత్రి రక్తం ఆగకపోతే మరునాడు ఆదివారం, తలుపు తీసేవారుండరు. సోమవారమో మంగళవారమో ఉదయం పెట్టుకో. ఏదైనా ఇబ్బంది వచ్చేది సాధారణంగా మూడు నుంచి ఐదు రోజుల మధ్య గనుక అప్పటికి వైద్యులు అందుబాటులో ఉంటారు. మత్తు ఆ చోటికి మాత్రమే ఇస్తారు కాబట్టి కడుపు నిండా టిఫిను తినే వెళ్ళు. ఖాళీ కడుపుతో కుర్చీలో కళ్ళు తిరిగి పడిన మగధీరులను చాలామందిని చూశాను.

లోపల జరిగేది నువ్వు ఊహించుకున్నంత ఘోరమేమీ కాదు. సూది గుచ్చినప్పటి చురుకు తప్ప, ఆ తరువాత నొక్కినట్టూ లాగినట్టూ తెలుస్తుందే గాని నొప్పి తెలియదు. అడ్డంగా ఉన్న పన్నును ముక్కలుగా కోసి తీస్తారు. ఆ చప్పుడు పుర్రెలో మోగినట్టుంటుంది, దానికి బెదరవద్దు. నొప్పి తెలిస్తే చెయ్యి ఎత్తు, మళ్ళీ మత్తు ఇస్తారు.

అసలు విషయం ఆ తరువాతే ఉంది. పన్ను తీసిన గుంతలో రక్తం గడ్డకట్టి కూర్చుంటుంది. లోపలి ఎముకకు అదే కట్టు, కొత్త కండ పెరగడానికి అదే పునాది. మేము చెప్పే జాగ్రత్తలలో చాలా వరకు ఆ గడ్డను కదల్చకుండా కాపాడుకోవడానికే. వారు పెట్టిన గాజ్ గుడ్డ ఉండను అరగంట నుంచి ముప్పావు గంట దాకా గట్టిగా కరిచి పట్టుకో. ఎంతవరకు ఆగిందో చూద్దామని మాటిమాటికీ తీయకు. ఇరవై నాలుగు గంటల పాటు ఉమ్మవద్దు, పుక్కిలించవద్దు, స్ట్రాతో ఏదీ తాగవద్దు. లాలాజలం ఎర్రగా ఉన్నా మింగెయ్యి. చిటికెడు రక్తం నోరంతా ఎర్రగా చేస్తుంది. సిగరెట్టు సంగతి అక్కకు తెలియదనుకుంటున్నావు గాని నాకు తెలుసు: కనీసం వారం రోజులు దాని జోలికి పోకు.

ఇక నా నిర్వాకం చెబుతాను. రెండో పన్ను తీయించుకున్న నాటి రాత్రి నోట్లో రక్తపు రుచి భరించలేక, ఒక్కసారే కదా అని కుళాయి దగ్గర గట్టిగా పుక్కిలించి ఉమ్మాను. రెండు రోజులు ఏమీ తెలియలేదు. మూడో రోజు రాత్రి దవడలో మొదలైన సలుపు చెవిలోకీ కణతలోకీ పాకింది. రెండు మాత్రలు వేసుకున్నా తగ్గలేదు, తెల్లవార్లూ గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఉదయం మా విభాగంలోనే అద్దం పట్టుకుని చూసుకుంటే గుంత ఖాళీగా, అడుగున తెల్లటి ఎముక కనిపిస్తోంది. డ్రై సాకెట్ అంటారు దానిని. సెలైనుతో కడిగి, లవంగ నూనెలోని యూజినాల్ కలిసిన మందు గుడ్డ పెట్టగానే పది నిమిషాల్లో ప్రాణం లేచి వచ్చింది. ఎంతోమందికి చెప్పిన జాగ్రత్త నా చెవికే ఎక్కలేదు.

మొదటి రోజు బుగ్గ మీద తువ్వాలులో చుట్టిన ఐసు పది పదిహేను నిమిషాలు పెట్టి, కాసేపు తీసి, మళ్ళీ పెట్టు. రెండు తలగడలు వేసుకుని పడుకో. వాపు రెండో మూడో రోజున బాగా పెరిగి, ఆ తరువాత తగ్గుముఖం పడుతుంది. అద్దం చూసుకుని కంగారుపడవద్దు. మత్తు దిగకముందే నొప్పి మాత్ర వేసుకో. యాంటీబయాటిక్ రాస్తే చెప్పినన్ని రోజులూ వాడు. అందులో మెట్రోనిడజోల్ ఉంటే మద్యం ముట్టరాదు. మరునాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని, తల అటూ ఇటూ వంచి, వాటంతట అవి జారిపోయేలా వదిలెయ్యి.

పెదవిలో స్పర్శ వచ్చేదాకా వేడి కాఫీ వద్దు, తెలియకుండా కాలుతుంది. చల్లారిన రాగి జావ, మజ్జిగ, మెత్తగా కలిపిన పెరుగన్నం, పాలలో నానిన ఇడ్లీ రెండు మూడు రోజులకు చాలు. పెరుగన్నంలో పోపు మాత్రం వద్దు. మా అమ్మాయి పన్ను తీయించుకున్న నాలుగో రోజున ఆ గుంతలో ఆవగింజ ఒకటి ఇరుక్కుని, దాన్ని బయటికి రప్పించేసరికి తల ప్రాణం తోకకు వచ్చింది.

పన్ను తీస్తే కంటి చూపు తగ్గుతుందని మీ నాయనమ్మ భయపెడుతోందట. పంటికీ కంటికీ అలాంటి సంబంధమేదీ లేదు. ఆవిడతో వాదించకు, తీయించుకుని వచ్చాక పంచాంగం చదివి వినిపించు.

గాజ్ గుడ్డ మార్చి మళ్ళీ కరిచి పట్టుకున్నా రక్తం ఆగకపోయినా, మూడో రోజు తరువాత నొప్పి గాని వాపు గాని పెరుగుతున్నా, జ్వరం వచ్చినా, మరునాటికీ పెదవి మొద్దుగానే ఉన్నా వెంటనే వైద్యుడికి ఫోను చెయ్యి. మింగడమో ఊపిరి తీసుకోవడమో కష్టమైతే ఫోను కూడా వద్దు, నేరుగా ఆసుపత్రికే వెళ్ళు.

కుట్లు విప్పేది వారం తరువాత. పది నిమిషాల పని, దానికి సెలవు పెట్టనక్కరలేదు. పోపు వేయవద్దని అక్కకు చెప్పాను గాని అలవాటు కొద్దీ వేసేస్తుంది, చూసుకుని తిను.

మీ పిన్ని