బ్యాంకు పనులు ఫోనులో చేస్తున్నప్పుడు ఓటు ఎందుకు వేయకూడదు?

డబ్బు విషయంలో కంప్యూటర్‌ను నమ్మేవాళ్లం ఓటు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు వెనుకాడతామని అడిగారు. ఒకప్పుడు నేనూ ఇలాగే వాదించేవాణ్ణి. వాదించి ఊరుకోక ఓటింగ్ ప్రోగ్రామ్ కూడా ఒకటి రాశాను.

మా వృత్తి సంఘంలో అప్పుడు నాలుగు వందల పైచిలుకు సభ్యులు. కార్యవర్గ ఎన్నికలకు ఆన్‌లైన్‌లో ఓటు వేసే ఏర్పాటు చేయమంటే రెండు వారాలు కూర్చుని రాసిచ్చాను. గడువు ముగిసిన నిమిషానికే ఫలితం వచ్చింది. అధ్యక్ష పదవికి నిలబడిన ఒక పెద్దాయన పదకొండు ఓట్లతో ఓడిపోయారు. ఆయన కోప్పడలేదు, ఎవరినీ నిందించలేదు. "నేను ఓడిపోయానని నాకు చూపించు బాబూ" అన్నారు, అంతే.

ఓట్లు నమోదైన డేటాబేస్ తెరిచి చూపించాను. "ఇది నువ్వు తయారు చేసిందే కదా" అన్నారు. ఏది ఎప్పుడు జరిగిందో ప్రోగ్రామ్ రాసుకునే చిట్టా, అంటే లాగ్ చూపించాను. "ఇదీ నీ ప్రోగ్రామ్ రాసుకున్నదే కదా" అన్నారు. అంతకు మించి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. చీటీల పెట్టె ఉండి ఉంటే బల్ల మీద బోర్లించి ఇద్దరం లెక్కపెట్టుకునేవాళ్లం.

ఆ రాత్రి నా ప్రోగ్రామ్‌ను నేనే తవ్వుతుంటే అంతకన్నా ఘోరం బయటపడింది. ఎవరూ రెండుసార్లు వేయకుండా ఓటు వేసినవారి పేర్లు ఒక పట్టికలో, పడిన ఓట్లు పేర్లు లేకుండా ఇంకో పట్టికలో ఉంచాను. రహస్యం భద్రమనుకున్నాను. కానీ రెండింటిలోనూ సమయం నమోదవుతోంది. సమయం ప్రకారం రెండు పట్టికలనూ పక్కపక్కన పెడితే ఎవరు ఎవరికి వేశారో వరుసగా కనిపిస్తోంది! నాలుగైదు పేర్లు కంటబడ్డాక గానీ తెర మూయలేదు. ఆ నాలుగైదూ ఇప్పటికీ మరిచిపోలేకపోతున్నాను.

బ్యాంకుతో పోలిక చెడేది ఇక్కడే. లావాదేవీ మీద మీ పేరు ఉంటుంది. లెక్క మీ దగ్గరా ఉంటుంది, బ్యాంకు దగ్గరా ఉంటుంది. తేడా వస్తే పట్టుకుని దిద్దుతారు. ఓటు మీద పేరు ఉండకూడదు. ఎవరికి వేశారో తెలిపే రసీదు ఇంటికి పంపనూ కూడదు. పంపితే ఓటు కొన్నవాడూ బెదిరించినవాడూ మొదట అడిగేది దాన్నే. ఎవరి ఓటో ఎవరికీ తెలియకూడదు, మొత్తం లెక్క మాత్రం సరైనదేనని అందరికీ తేటతెల్లం కావాలి. ఈ రెండు కోరికలకూ ఒకదానితో ఒకటి పడదు.

పైగా తప్పు జరగడానికి దొంగే రానక్కర లేదు. 2003లో బెల్జియంలో, బ్రస్సెల్స్‌లోని స్కార్‌బేక్‌లో కంప్యూటర్‌తో జరిగిన ఓటింగ్‌లో ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు అదనంగా పడ్డాయి. కంప్యూటర్ అంకెలను 0, 1 ఉండే బిట్‌లనే గడుల్లో దాస్తుంది, ఒక్కో గడికి 1, 2, 4, 8 ఇలా రెట్టింపయ్యే విలువ ఉంటుంది. మెమరీలో ఒకే ఒక్క బిట్ తిరగబడితే వచ్చే తేడా అది. అంతరిక్షం నుంచి వచ్చిన కణమేదో తగిలి ఉండవచ్చని ఊహించారు. అక్కడ సాధ్యమైన ఓట్లకన్నా అంకె పెద్దది కాబట్టి దొరికింది. అదే 32 విలువ ఉన్న బిట్ తిరగబడి ఉంటే ఎవరికి అనుమానం వచ్చేది?

ఇక దొంగ వస్తే ఎలా ఉంటుందో 2010లో వాషింగ్టన్ నగరంలో తేలింది. ఇంటర్నెట్ ఓటింగ్‌ను పరీక్షకు పెట్టి, చేతనైతే ఛేదించండని అందరినీ పిలిచారు. మిషిగన్ విశ్వవిద్యాలయ బృందం 48 గంటల్లోపే సర్వర్‌ను చేజిక్కించుకుని ఓట్లు మార్చేసింది. ఓటు వేయగానే తమ విశ్వవిద్యాలయ పాట మోగేలా కూడా చేసింది. అయినా అధికారులు గుర్తించేసరికి దాదాపు రెండు రోజులు పట్టింది. అసలు దొంగ పాట పెట్టి వెళ్లడు కదా!

కాగితపు ఓటు పవిత్రమైనదని నేను అనడం లేదు, పెట్టెలు ఎత్తుకుపోయిన చరిత్ర మనకూ ఉంది. అయితే అన్ని పెట్టెలు మార్చాలంటే ఎన్నో చేతులు కావాలి, ఆ చేతుల్లో ఒకరైనా ఎక్కడో నోరు జారతారు. ప్రోగ్రామ్‌లో ఒక్క వాక్యం మార్చడానికి ఒక్కరు చాలు.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009లో అచ్చంగా మా పెద్దాయన అన్నట్టే అంది: ఎన్నికలోని ముఖ్యమైన దశలను సాంకేతిక పరిజ్ఞానం లేని పౌరుడు కూడా సరిచూసుకోగలగాలని. 2005లో అక్కడ వాడిన ఓటింగ్ యంత్రాలు ఆ పరీక్షలో నిలవలేదు. భారతదేశపు ఈవీఎంలకు ఇంటర్నెట్‌తో సంబంధం లేదు, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కళ్లముందు ఉండి పెట్టెలో పడుతుంది. ఫోను ఓటింగ్‌తో పోలిస్తే ఇది ఎంతో మెరుగు. కానీ 2019 నుంచి అసెంబ్లీ నియోజకవర్గానికి అయిదు కేంద్రాల చీటీలే తప్పనిసరిగా లెక్కిస్తున్నారు. గెలుపోటముల తేడా లక్ష ఓట్లయినా, వంద ఓట్లయినా అదే అయిదు. నాకు ఇది నచ్చదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2017 నుంచి తేడా తగ్గేకొద్దీ ఎక్కువ కాగితాలు తీసి సరిచూస్తోంది. అది సబబుగా ఉంది.

మా సంఘం సంగతికి వస్తే, నా తప్పు నేనే ఒప్పుకుని మళ్లీ చీటీలతో ఎన్నిక పెట్టించాను. పెద్దాయన ఈసారి పందొమ్మిది ఓట్లతో ఓడిపోయారు. చివరి చీటీ దాకా పక్కనే నిలబడి లెక్కపెట్టుకుని, గెలిచినవారికి తానే దండ వేశారు. మొన్న మళ్లీ ఆన్‌లైన్ ప్రోగ్రామ్ రాసిమ్మని కబురొచ్చింది. రాయనన్నాను. చీటీలు మడతపెట్టే పనికి మాత్రం ఒప్పుకున్నాను.