కర్నూలులో వేసే ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నాటకం కోసం మూతిలోంచి మందు కూరే పిస్తోలు ఇంట్లో చేయొచ్చా?

పేలేదైతే వద్దు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి తయారుచేయడం నేరం, 2019 సవరణ తర్వాత కనీస శిక్షే 7 ఏళ్లు, పెరిగితే యావజ్జీవం. నాటు తుపాకి కదా అని ఎవరూ వదిలిపెట్టరు.

మీరడిగింది కర్నూలులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి నాటకానికి కాబట్టి, అంటే 1846-47 నాటి కథ, చెకుముకి పిస్తోలు బొమ్మ చాలు. నిజమైన చెకుముకి పిస్తోలు అందమంతా పక్కనుండే లాక్‌లోనే (నిప్పు పుట్టించి పేల్చే భాగం) ఉంది: ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు బలానికి సుత్తి ముందుకు పడుతుంది, దాని కొసనున్న చెకుముకి రాయి ఉక్కు రేకును గీరుకుంటూ పోతే ఆ రేకు ముందుకు తెరుచుకుని నిప్పురవ్వలు కింది చిన్న పళ్లెంలోని మందు మీద రాలతాయి, ఆ మంట గొట్టం పక్కనున్న సన్నటి రంధ్రంలోంచి లోపలి మందుకు అంటుకుంటుంది. అందుకే నొక్కడానికీ పేలడానికీ మధ్య చిన్న గ్యాప్.

బొమ్మలో సుత్తి కదిలితే చాలు. పిడి వడ్రంగితో టేకులో చెక్కించండి. గొట్టానికి మాత్రం పైపు వాడొద్దు, గట్టి కర్ర కడ్డీకి నల్లరంగు వేయండి (బొమ్మ తుపాకిని పేలేలా మార్చినా నేరమే). శబ్దం స్పీకర్లో పెట్టుకోండి.