గర్భసంచి ఆపరేషన్: మాత్రలు రాయలేదని టెన్షన్ పడుతున్న తణుకు చెల్లెమ్మకి

అమ్మగారికి పొట్ట కోసి గర్భసంచి తీసి 12 రోజులైందని, ఒక్క ఇంజెక్షనే చేసి ఇంటికి యాంటీబయాటిక్ మాత్రలు రాయలేదని, గోధుమరంగు మరకలు కనిపిస్తున్నాయని రాశారు.

డాక్టరు మర్చిపోయి ఉండరండీ. నాకూ రాయలేదు, మా అత్తగారు వారం రోజులు సణిగారు. సాధారణంగా సెఫజోలిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కోత పెట్టే ముందు గంటలోపు ఒక డోసు ఇస్తారు. కోత పెట్టేసరికి రక్తంలో మందు ఉండాలి, అదీ లెక్క. ఇన్ఫెక్షన్ లేకపోతే తర్వాత మాత్రల వల్ల పెద్దగా లాభం ఉండదు, విరేచనాలు పట్టుకోవచ్చు. మెడికల్ షాపులో అడిగి సొంతంగా మాత్రం కొనకండి.

కొద్దిపాటి మరకలు కొన్ని వారాలు ఉండొచ్చు. నీరసం తగ్గడానికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. అందాకా నీళ్ల బిందె ఎత్తనివ్వకండి. మనవైపు పథ్యమని కారప్పొడి అన్నం పెట్టి నీళ్లు తగ్గించేస్తారు, ఆ పని చేయొద్దు. పప్పు, గుడ్డు, చేప పెట్టండి.

జ్వరం 100.4 దాటినా, దుర్వాసన వచ్చినా, కుట్ల దగ్గర చీము పట్టినా, గంటకో ప్యాడ్ తడిసినా, ఒక పిక్క వాచి నొప్పెట్టినా, ఊపిరి ఆడకపోయినా రాత్రని చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.